స్టీలు డబ్బాకు మైకు

రబ్బరు బ్యాండ్లు, డబ్బాలతో వాయిద్యాలు చేసే పిచ్చి ఇంట్లో ఎవరికైనా ఉంటే, కోఠి వెళ్లినప్పుడు గుజరాతీ గల్లీలో ఒక పీజో డిస్క్ (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే పల్చటి బిళ్ళ) కొనండి. 27 మిల్లీమీటర్లది, అంటే పది రూపాయల బిళ్ళంత, సరిపోతుంది. వైర్లు అతికించి ఉన్నదే అడగండి. మధ్యలోని తెల్లటి భాగానికి సోల్డరింగ్ వేడి ఎక్కువైతే డిస్క్ పాడవుతుంది.

ఎర్ర వైరును గిటార్ జాక్ మొనకు, నల్లదాన్ని దాని బయటి భాగానికి కలపండి. ఇది గాలిలోని శబ్దాన్ని పెద్దగా పట్టదు, తాను అంటుకున్న వస్తువు అదురును పడుతుంది. అందుకే పక్కింటి మిక్సీ గోల పెద్దగా వినబడదు!

అసలు కిటుకు అతికించడంలో ఉంది. మెత్తటి ఫోమ్ టేపు వద్దు, అది అదురును మింగేస్తుంది. పల్చటి డబుల్ సైడ్ టేపుతో టిఫిన్ డబ్బా మూత లోపలివైపు, అంచుకు దగ్గరగా గట్టిగా నొక్కండి. మూత మీద దువ్వెన పళ్లు గీరి చూడండి, భలేగా ఉంటుంది. జాక్‌ను ఆంప్లిఫయర్ మామూలు మైక్ ఇన్‌పుట్‌లో పెడితే బేస్ పోయి సన్నగా వినిపిస్తుంది, గిటార్ ఇన్‌పుట్ వాడండి. గుయ్‌మని హమ్ వస్తే వైరు పొట్టిగా కత్తిరించి, డిస్క్ వెనక ఇన్సులేషన్ టేపు వేయండి. వాల్యూమ్ మాత్రం సున్నా నుంచే పెంచండి.