ఫినాయిల్ వాసన గుప్పున కొడుతోంది, అయినా వార్డులో ఇన్ఫెక్షన్లు ఆగట్లేదా? ఇక్కడ వెతకండి

ఒంగోలులో కొన్నాళ్లు, నెల్లూరులో కొన్నాళ్లు, మొత్తం పదమూడేళ్లుగా చిన్న నర్సింగ్ హోముల్లో హౌస్‌కీపింగ్ చూస్తున్నాను. కుట్లు చీము పట్టాయంటే అందరూ ముందు డాక్టరు చేతిని అనుమానిస్తారు, తర్వాత మందుని. బకెట్టు వైపు మాత్రం ఎవరూ చూడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో దాదాపు 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. డబ్బున్న దేశాల్లో అది 7. అన్నీ క్లీనింగ్ వల్లే వస్తాయని నేననను, చేతులు కడుక్కోకపోవడం, మూత్రం గొట్టాలు, సూదులు చాలానే ఉన్నాయి. కానీ క్లీనింగ్ వంతు సరిచేసుకోవడం మన చేతిలో పని.

సమస్య: ఒకే బెడ్డు మీద పడుకున్న పేషెంట్లకి వరసగా చీము, జ్వరం

ఇది నేను కళ్లారా చూశాను. ఒక చోట మూలబెడ్డు మీద నెలలో ముగ్గురికి కుట్లు పాడయ్యాయి, దుప్పటి రోజూ మారుస్తూనే ఉన్నారు, నేల రెండు పూటలా తుడుస్తున్నారు. ఒకరోజు మోకాళ్ల మీద కూర్చుని మంచం పక్క కమ్మీ కిందివైపు వేలు పెట్టి చూస్తే జిగురు తగిలింది. సెలైన్ పెట్టేటప్పుడు నర్సులు చింపుకున్న ప్లాస్టర్ ముక్కలు కమ్మీకి అతికిస్తారు, తీసేశాక గమ్ అక్కడే ఉండిపోతుంది, దాని మీద దుమ్ము, చెమట, ఎండిన రక్తం చుక్కలు నల్లటి పొరలా పేరుకున్నాయి. పేషెంటు లేచి కూర్చోవడానికి పట్టుకునేది సరిగ్గా అక్కడే. పరుపు తిప్పి చూస్తే రెక్సిన్ జానెడు చిరిగి ఉంది, దానికీ ప్లాస్టరే వేశారు.

చీము పట్టించే స్టెఫిలోకోకస్ లాంటి బ్యాక్టీరియా పొడి వస్తువుల మీద వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. పేషెంటు డిశ్చార్జి అయి వెళ్లిపోతాడు, అది మాత్రం మంచం మీదే ఉంటుంది.

పరిష్కారం: నేల కన్నా ముందు చేతులు తగిలే చోట్లు చూడండి. మంచం కమ్మీలు (పైన, కింద రెండూ), సెలైన్ స్టాండు, లాకర్ పిడి, స్విచ్చులు, కాలింగ్ బెల్లు, తలుపు గడియ, బాత్రూం కుళాయి తల. జిగురు ఉంటే స్పిరిట్ దూదితో తీసేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే క్రిములు చంపే మందు పెట్టి తుడవాలి. రోజూ ఒకసారి, డిశ్చార్జి అయ్యాక పరుపు తిప్పి మొత్తం. చిరిగిన పరుపు కవరు మార్చేయండి, లోపలి స్పాంజిలోకి తడి దిగాక దాన్ని శుభ్రం చేసే దారి లేదు. ప్లాస్టర్ కమ్మీకి అతికించొద్దని నర్సులకి చెప్పండి, ట్రే అందుకే ఉంది. అన్నట్టు, డిశ్చార్జికీ కొత్త అడ్మిషన్‌కీ మధ్య పది నిమిషాలే ఇచ్చి "త్వరగా కానివ్వమ్మా" అని ఆయమ్మ నెత్తిన నిలబడితే ఈ పని జరగదు. అది ఆమె తప్పు కాదు, టైమివ్వని మనది.

సమస్య: హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిములు చంపే క్లోరిన్ మందు) వాడుతున్నాం, అయినా ఫలితం లేదు

నాలుగు కారణాలు చూశాను. క్యాను కిటికీ పక్కన ఎండలో పెట్టడం ఒకటి, ఒంగోలు మే నెల ఎండకి హైపో ఇట్టే బలం పోగొట్టుకుంటుంది. రెండోది మూతలతో, గ్లాసులతో కంటిచూపు లెక్కన కలపడం. మూడోది మురికి మీదే పోసేయడం, రక్తం, చీము, మట్టి ఉంటే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిమికి మిగలదు. నాలుగోది పోసిన వెంటనే పొడిగుడ్డతో తుడిచేయడం.

క్యాను మీద 5 శాతం అని ఉంటే మామూలు తుడుపుకి లీటరు నీళ్లకి 20 మి.లీ. చాలు, అది 0.1 శాతం అవుతుంది. రక్తం ఒలికితే 1 శాతం కావాలి, అంటే 200 మి.లీ. హైపోకి 800 మి.లీ. నీళ్లు. క్యాను 10 శాతం అయితే హైపో సగానికి తగ్గించి మిగతాది నీళ్లతో నింపండి. రక్తం మీద ముందు పాతగుడ్డ కప్పి, దాని మీద ఈ నీళ్లు పోసి, కనీసం పది నిమిషాలు వదిలేసి, గ్లౌజులతో తీసి, రక్తం అంటిన చెత్త వేసే పసుపు రంగు సంచిలో వేయాలి. గాజుముక్కలుంటే చేత్తో ముట్టుకోవద్దు, చిమ్టాతో తీయండి. కలిపిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే, మిగిలితే పారబోయండి, రేపటికి దాచొద్దు.

సమస్య: తుడిచిన గంటకే నేల జిగట, ముక్కిన వాసన

బకెట్టులోకి తొంగిచూడండి. టీ రంగులో ఉంటే ఆ నీళ్లతోనే మూడు గదులు తిరిగారన్నమాట. మొదటి గది మురికిని మూడో గదికి మోసుకెళ్లి పూస్తున్నాం. రెండు బకెట్లు పెట్టండి, ఒకటి మందునీళ్లకి, ఒకటి మాపు జాడించడానికి, గది గదికీ నీళ్లు మార్చాలి. శుభ్రంగా ఉన్న చోట మొదలుపెట్టి బాత్రూంతో ముగించాలి. బాత్రూం మాపు, గుడ్డ వేరే రంగువి, అవి వార్డులో కనిపించకూడదు. పొడి చీపురుతో ఊడవడం పూర్తిగా మానేయండి, లేచిన దుమ్ము పోయి కుట్ల మీదే కూర్చుంటుంది.

ఇంకొకటి, మన బోరు నీళ్లు. కనిగిరి వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, సబ్బు నురగే రాదు. ఆ నీళ్లలో సబ్బు, ఫినాయిల్ సరిగా కలవక నేల మీద తెల్లటి పొరగా మిగులుతాయి, దానికే మురికి అంటుకుంటుంది. మందు కలపడానికి మాత్రమైనా మున్సిపాలిటీ నీళ్లు పట్టుకోండి, ఒంగోలులో సాగర్ కాలవవి, నెల్లూరులో పెన్నవి. ఫినాయిల్ ఎక్కువ పోస్తే జిగట పెరుగుతుందే తప్ప శుభ్రం పెరగదు. పైన పటారం, లోన లొటారం.

సమస్య: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాపులు కంపు

నెల్లూరులో వానలన్నీ అప్పుడే. తడి మాపులో రాత్రికి రాత్రి బ్యాక్టీరియా పెరిగిపోతుంది, పొద్దున్నే దాన్నే వార్డంతా పూస్తాం. ఒక్కో చోటికి మూడు మాపు తలలు కొనండి, ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో, ఒకటి ఫ్యాను కింద ఆరుతూ. బకెట్టులో నానబెట్టి ఉంచొద్దు.

సమస్య: బాత్రూం కడిగేటప్పుడు దగ్గు, కళ్ల మంట

యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ చల్లారు. రెండూ కలిస్తే విషవాయువు క్లోరిన్ వస్తుంది. వెంటనే బయటికి రండి, తలుపులు తెరవండి, ఊపిరి ఆడకపోతే డాక్టరుకి చూపించండి. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టొద్దు.

సమస్య: తుడిచే ఆయమ్మకే పుండ్లు, జ్వరాలు

ఒక అక్క నాతో అంది, "ఏందమ్మా, గ్లౌజులు తొడుక్కుంటే నాకేం కాదనుకున్నా" అని. ఆ గ్లౌజులతోనే కమోడ్ కడిగి, తలుపు గడియ పట్టుకుని, టీ ఫ్లాస్కు అందుకుంది. గ్లౌజు తీయగానే సబ్బుతో చేతులు కడగాలి, బాత్రూం గ్లౌజులు బాత్రూం దాటి రాకూడదు. క్లీనింగ్ వాళ్లకి మందపాటి రబ్బరు గ్లౌజులూ మూసిన చెప్పులూ ఇవ్వండి, సంచిలోంచి సూది పొడుచుకోవడం ఎక్కువగా వీళ్లకే. పొడుచుకుంటే నొక్కకుండా సబ్బునీళ్లతో కడిగి, ఆ గంటలోనే డ్యూటీ డాక్టరుకి చెప్పించండి, తిడతారని దాచుకోనివ్వొద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకి మూడోది. మీ దగ్గర పనిచేసే వాళ్లలో ఎవరికి ఎన్ని పడ్డాయో రేపు రిజిస్టరు తీసి చూడండి, మూడోది చాలామందికి పడి ఉండదు.