పిల్లలకి పిట్టల్ని చూడటం ఎలా అలవాటు చేయాలి

ముందే పేర్లు నేర్పకండి. పొద్దున్నే ఆరింటికి కాలవగట్టు మీదకి తీసుకెళ్లి, ఏ పిట్ట ఏం చేస్తోందో చెప్పమనండి చాలు. మా కోనసీమలో మొదటిరోజుకి గుడ్డికొంగని మించింది లేదు. వరిచేలో కూర్చుంటే అచ్చం బురద రంగు, నాలుగడుగుల దూరంలో ఉన్నా కనపడదు, లేచి ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. "ఇందాక ఇక్కడ తెల్లకొంగ లేదు కదా, ఎక్కణ్నుంచొచ్చింది?" అని మా అమ్మాయి అడిగితే నేను జవాబు చెప్పలేదు, అది మళ్లీ వాలేదాకా చూడమన్నాను. వాలి రెక్కలు ముడవగానే తెలుపంతా మాయం, తనే కనిపెట్టేసింది! ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో టైము, చోటు, అది చేసిన పని రాయించండి, బొమ్మ వంకరగా వచ్చినా దిద్దొద్దు. లకుముకి పిట్ట కోసం కాలవ పక్కన కరెంటు తీగలు, గోరింకల కోసం మేసే గేదెల చుట్టూ చూడండి. గూళ్ల దగ్గరికి మాత్రం అస్సలు వెళ్లనివ్వకండి.