పాత ఇంటి చెక్క సైడింగ్: ముందు నీటి దారి, తర్వాతే కొత్త పలక

పాత ఇంటి బయటి గోడ మీది చెక్క పలకలు నల్లబడి రంగు పెచ్చులూడుతుంటే, మొత్తం పీకేసి కొత్తవి కొట్టేద్దాం అంటారు. నేనైతే వద్దంటాను. ఆ పలకలు చాలావరకు నిదానంగా పెరిగిన పెద్ద చెట్లవి. ఇప్పుడు మామూలుగా దొరికే కలపలో అంత చేవ ఉండదు. స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి పలక కింది అంచునీ, రెండు చివర్లనీ గుచ్చి చూడండి. మెత్తగా దిగబడితే పుచ్చినట్టే, చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. దిగకపోతే గీకి రంగేస్తే చాలు.

పుచ్చిన చోట నిలబడి, ఇక్కడికి నీళ్లు ఎటునుంచి వచ్చాయో వెతకండి. కిటికీ పైన ఫ్లాషింగ్ (నీళ్లను బయటికి మళ్లించే) రేకు లేకపోవడం, చూరు వచ్చి గోడకు తగిలే మూల, కారుతున్న గట్టర్ (చూరు నీళ్లు పట్టే గొట్టం), గోడ అడుగున పేరుకున్న మట్టి: ముందు ఇవి చూడాలి. ఇది సరిచేయకుండా కొత్త పలక కొడితే కొన్నేళ్లకే అదీ పుచ్చుతుంది.

పాత రంగులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇల్లయితే పరీక్ష చేయించాకే చెయ్యి పెట్టండి. సీసం ఉంటే పొడిగా గీకడం, మంటతో కాల్చడం అస్సలు వద్దు. కింద మందపాటి ప్లాస్టిక్ పరిచి, తడుపుతూ గీకాలి. సన్నటి ధూళిని ఆపే పీ100 ఫిల్టరున్న మాస్క్ తప్పనిసరి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ దరిదాపులకు రానివ్వకండి.

నేర్పంతా పలక తీయడంలోనే ఉంది. దాని కింది అంచులో చదును ప్రై బార్ (మేకులూ పలకలూ పెకలించే ఇనుప కడ్డీ) దూర్చి కాస్త ఎత్తండి, పావు అంగుళం చాలు. బార్ తీసేసి పలకను మళ్లీ లోపలికి తడితే మేకుల తలలు బయటికి పొడుచుకొస్తాయి, వాటిని లాగేయొచ్చు. ఇక పై పలక కింది అంచు దీని మీద వాలి ఉంటుంది కాబట్టి, దాని మేకులు దీని పైఅంచును పట్టుకుని ఉంటాయి. పై పలక కింద చెక్క చీలికలు దోపి, ఆ సందులో ఉత్త హ్యాక్సా బ్లేడు పోనిచ్చి ఆ మేకుల్ని కోసేయండి. తొందరపడి లాగారా, బాగున్న పై పలక కూడా చీలుతుంది.

లోపలి చెక్క తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వండి. పలకల వెనక తడి లోపలికి పోకుండా పరిచిన కాగితం చిరిగితే అతుకు పైఅంచు పాత కాగితం కిందికి దూరాలి, కింది అంచు దాని మీదికి రావాలి. అప్పుడే నీళ్లు బయటికి జారతాయి.

కొత్త పలక మందం పాతదానికి సరిపోకపోతే వెనక సన్నపట్టీ ఇవ్వండి. బిగించే ముందే వెనక వైపు సహా అన్ని వైపులా ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పట్టించండి. కోసిన చివరలు మరీ ముఖ్యం, అవి నీళ్లను స్పాంజిలా పీలుస్తాయి. రెండు పలకల చివరలు కలిసే అతుకు ఎప్పుడూ గోడలోపలి నిలువు దుంగ మీదే రావాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు వాడండి, లేకపోతే రంగు మీద తుప్పు చారలు దిగుతాయి. మేకు కింది పలక పైఅంచుకు కొంచెం పైన పడాలి. రెండు పలకల్నీ కలిపి బిగిస్తే చెక్క ఉబ్బి, కుంచించుకునేటప్పుడు చీలుతుంది. నేలకూ అడుగు పలకకూ మధ్య కనీసం ఆరంగుళాలు ఖాళీ ఉంచండి.

సీలెంట్ (సందులు మూసే జిగురు ముద్ద) కిటికీ చట్రం పక్క నిలువు సందుల్లో మాత్రమే పెట్టండి. పలక మీద పలక వాలే అడ్డ సందుల్ని మూయొద్దు. లోపలికి చేరిన తడి అక్కడినుంచే బయటికి పోవాలి.