ఏ సైనిక విమానం మీ లెక్కలోకి వస్తుంది? నియమాలు రాసుకోవడం ఎలా

ఆకాశంలో కనిపించిన సైనిక విమానాలను పుస్తకంలో రాసుకోవడం నా సరదా. బెంగళూరు మారతహళ్లిలో మేడ మీద బట్టలు ఆరేస్తూ మా అమ్మ "ఒరేయ్, నీ విమానం వచ్చింది!" అని కేకేస్తుంది. నేను మెట్లెక్కేసరికి చప్పుడే మిగులుతుంది. దాన్ని పుస్తకంలో రాసుకోవాలా, వద్దా? ఈ తగువు తెగాలంటే నియమాలు ముందే ఉండాలి. చూశాక పెట్టుకుంటే అన్నీ మనకు అనుకూలంగానే వస్తాయి.

మొదట, లెక్కించేది విమానం రకాన్నా, దాని ఒంటి మీద రాసి ఉండే సీరియల్ నంబరునా అన్నది తేల్చుకోండి. రకమే అయితే మన దేశంలో తయారైన యుద్ధవిమానం తేజస్ ఒక్కసారి కనిపిస్తే చాలు. దాన్ని తయారుచేసే హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) రన్‌వే దగ్గర ఉండేవారికి వారంలో ఆట అయిపోతుంది. నంబరైతే తేజస్‌లలోనే ఎల్‌ఏ-5001 మొదలుకొని ప్రతిదీ కొత్తదే, కానీ మంచి బైనాక్యులర్ కావాలి. నాది నంబర్ల పక్షం.

తర్వాత, "చూశాను" అంటే ఏమిటో రాయండి. చప్పుడు చెల్లదు, స్నేహితుడు పంపిన ఫొటో చెల్లదు. నేనే గుర్తుపట్టాలి. చిక్కంతా ఇక్కడే. ఫ్రాన్స్ యుద్ధవిమానాలైన మిరాజ్ 2000లను ఆధునికీకరించిందీ హెచ్‌ఏఎల్ సంస్థే, కాబట్టి అవీ ఇక్కడ కనిపించవచ్చు. తేజస్‌లాగే దానికీ త్రికోణపు రెక్క, వెనక చిన్న రెక్కలుండవు. కింద నుంచి చూస్తే మిరాజ్ రెక్క ముందంచు తిన్నగా గీత గీసినట్టుంటుంది. తేజస్‌ది ఒంటికి దగ్గర్లో వంగుతుంది. ఆ వంపు కనబడకపోతే ప్రశ్నార్థకం పెడతాను.

రంగు వేయకముందే, పసుపుపచ్చ ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత)తో పరీక్షకు ఎగిరేవి ఇంకా వాయుసేన చేతికి వెళ్లనివి. వాటిని పెన్సిల్‌తో రాస్తాను. నంబరుతో మళ్లీ కనిపిస్తే పెన్నుతో దిద్దుతాను.

ఎయిర్ షోల సంగతి? 2025లో యలహంకలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనకు అమెరికా ఎఫ్-35, రష్యా సు-57 రెండూ వచ్చాయి. ఎగురుతుంటే చూస్తే లెక్కే. హెచ్‌ఏఎల్ మ్యూజియంలోని పాత యుద్ధవిమానం మారుత్ మాత్రం కాదు. 1961లో ఈ ఊళ్లోనే తొలిసారి ఎగిరింది, ఇప్పుడు కదలదు. మా బావ దాన్నీ రాసుకున్నాడు. చెప్పకూడదు గానీ, కాస్త కుళ్లుగానే ఉంటుంది.

స్థావరాల గోడల దగ్గర కెమెరా ఎత్తకండి, నిషేధం.

నియమం మార్చాలనిపిస్తే తేదీ వేసి మార్చండి, పాత పద్దులు దిద్దకండి. అమ్మ చూసిన వాటికి చివరి పేజీలో వేరే పద్దు తెరిచాను. ఆమె నంబర్లు చూడదు. నిన్నటి పద్దు ఇది: "బూడిద రంగు, చీర ఎగిరిపోయింది."