బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మెత్తని తిండి: ముద్ద దిగకపోతే ఏం చేయాలి?

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మిక్సీలో రుబ్బినవి, దాదాపు ఐదో వారం నుంచి మెత్తని ఆహారం. చాలా ఆసుపత్రుల్లో వరస ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వారాల లెక్క కొంత అటూ ఇటూ కావచ్చు. మీ డైటీషియన్ ఇచ్చిన చార్టునే అనుసరించండి.

ద్రవాల రోజులు ఎలాగోలా గడిచిపోతాయి. అసలు టెన్షన్ మెత్తని తిండితోనే మొదలవుతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో సుమారు ముప్పావు వంతు తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కడుపు పైభాగాన్ని చిన్న సంచీలా చేసి పేగుకు కలుపుతారు. ఆ సంచీలో పట్టేది దాదాపు 30 మి.లీ., అంటే రెండు పెద్ద చెంచాలే. మన ఇళ్ళలో భోజనం అంటే అన్నం. పప్పు, కూర, గుడ్డు దానికి తోడు మాత్రమే. ఇప్పుడు ఆ వరస తిరగబడాలి. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం పాత వరసలోనే తినడం.

ముద్ద మింగగానే ఛాతీలో పట్టేసినట్టుంది, నోట్లో నురగ ఊరుతోంది

ముద్ద పెద్దదైనా, పొడిగా ఉన్నా, సరిగా నమలకపోయినా సన్నబడిన దారిలో ఆగిపోతుంది. దాన్ని జార్చడానికి శరీరం లాలాజలం ఊరిస్తుంది. ఆ నురగ అదే. ఎక్కువగా ఇలా ఆగిపోయేవి ముద్దకట్టిన అన్నం, చపాతీ, దోశ, బ్రెడ్, మళ్ళీ వేడిచేసిన చికెన్ ముక్క. దోశ మెత్తగా కనిపిస్తుంది గానీ నమిలితే సాగి ఉండకడుతుంది. ఈ దశలో దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

ఇలా అయినప్పుడు ఇంట్లో వాళ్ళు వెంటనే గ్లాసుడు నీళ్ళు అందిస్తారు. తాగకండి. కింద దారి మూసుకుని ఉంటే నీళ్ళు పైనే నిలిచి, అంతా కలిసి వాంతి అవుతుంది. తినడం ఆపేసి, లేచి మెల్లగా నాలుగడుగులు వేయండి. చాలాసార్లు కాసేపటికి దానంతట అదే జారిపోతుంది. నొప్పి తగ్గింది కదా అని ఆ పూట మళ్ళీ కంచం ముందు కూర్చోవద్దు. మిగతా రోజంతా మజ్జిగ, పలుచని పప్పుకట్టు లాంటి ద్రవాలతో సరిపెట్టండి.

మర్నాటి నుంచి చిన్న చెంచా వాడండి. ఒక్కోసారి శనగగింజంత నోట్లో పెట్టుకుని, ఇరవై ముప్పైసార్లు నమిలి, అది దిగాకే ఇంకోటి. మధ్యలో చెంచా కింద పెట్టేయండి. ఇడ్లీ తినాలనిపిస్తే చిన్న ముక్కను చిక్కటి పప్పులో మెదిపి తినండి.

నాలుగో వారం తర్వాత, నిన్నటిదాకా దిగినవే దిగకపోవడం, చివరికి ద్రవాలూ కష్టం కావడం జరిగితే అది నమలడం వల్ల వచ్చిన సమస్య కాకపోవచ్చు. కుట్టిన చోట దారి బిగుసుకుపోయి ఉండొచ్చు. ఎండోస్కోపీతో చూసి, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. చెంచాలు మార్చుకుంటూ వారాలు గడపకండి.

తిన్న ప్రతిసారీ వాంతి అవుతోంది

రెండు కారణాలు మొదట చూడాలి. ఒకటి, ఒక్క చెంచా ఎక్కువ కావడం. పాత కడుపులా ఇది "నిండింది" అని నింపాదిగా చెప్పదు. ఒక ఎక్కిలి, ఒక తుమ్ము, ఉన్నట్టుండి ముక్కు కారడం, రొమ్ము ఎముక కింద బరువు... ఇవే సూచనలు. అవి కనిపించిన చోట ఆపాలి, గిన్నెలో ఎంత మిగిలినా సరే. ఈ దశలో ఒక పూటకు పావు కప్పు నుంచి అరకప్పు దాకా, ఇరవై నిమిషాలకు తగ్గకుండా తింటే చాలు. "ఇంకొక్క ముద్ద తిను, ఇలా అయితే ఎలా బతుకుతావు" అనే అమ్మకు, అత్తయ్యకు ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంచితే మంచిది. వాళ్ళది ప్రేమే, కానీ ఆ ఒక్క ముద్దే వాంతి తెప్పిస్తుంది.

రెండోది, తిండితో పాటు నీళ్ళు. పక్కన చెంబు పెట్టుకోకపోయినా, చారన్నం, మజ్జిగన్నం అంటే తిండినీ నీళ్ళనీ కలిపి తీసుకోవడమే. అవి కొందరికి వాంతి తెప్పిస్తాయి, కొందరిలో సర్రున జారిపోయి గంటకే ఆకలి వేయిస్తాయి. తినడానికి అరగంట ముందు నీళ్ళు ఆపి, తిన్న అరగంట తర్వాతే మళ్ళీ మొదలుపెట్టండి. చారు తాగాలనుంటే మధ్యలో విడిగా, కారం, పులుపు తగ్గించి.

కడుపు నిండుతోంది గానీ నీరసం పోవట్లేదు

ఎక్కువమంది కొన్నాళ్ళు చూద్దాంలే అని వదిలేసేది దీన్నే. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలని సాధారణంగా చెబుతారు. 100 గ్రాముల అన్నంలో ఉండేది రెండున్నర గ్రాములు. పూటకు తినగలిగే ఆ అరకప్పునూ అన్నంతోనే నింపేస్తే ఇక ప్రొటీన్‌కు చోటెక్కడ? రాగిజావ మీద కూడా మనకు నమ్మకం ఎక్కువ. కాల్షియానికి అది మంచిదే, కానీ రెండు చెంచాల పిండితో కాచిన జావలో ప్రొటీన్ నామమాత్రం.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పన్నీర్‌లో దాదాపు 18, అంతే బరువు ఉడికిన చేపలో సుమారు 20, పాతిక గ్రాముల పచ్చి పెసరపప్పులో 6. కాబట్టి ముందు ఇవి తినాలి. అన్నం మిగిలిన చోటులోనే, అదీ మెత్తగా ఉడికించి ఒకటి రెండు చెంచాలు. గుడ్డు పొరటు సన్నటి సెగ మీద తడి ఆరకుండా దించండి, ఎండిపోతే అదీ పట్టేస్తుంది. చేపల్లో ముళ్ళు తక్కువుండే కొర్రమీను నయం. తేలికపాటి పులుసులో ఉడికించి, ముక్కను చేత్తో చిదిమి ముళ్ళు చూసుకుని తినండి. శాకాహారులు ముద్దపప్పులా చిక్కగా వండిన పెసరపప్పు, గుడ్డలో వడకట్టిన పెరుగు, చిదిమిన పన్నీర్ మార్చి మార్చి తినొచ్చు. అయినా లెక్క అందకపోతే ప్రొటీన్ పౌడర్ కొనసాగించండి. మెత్తని తిండి మొదలైంది కదా అని దాన్ని ఆపేయడం తొందరపాటు.

తిన్న కాసేపటికి గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం

తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో ఇలా అవుతుంది. డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్ళలో ఎక్కువ. పాయసం, బెల్లం వేసిన జావ, చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చే పళ్ళరసాలు, గ్లూకోజ్ నీళ్ళు దీనికి కారణం. కాసేపు నడుం వాల్చండి, ఆ పదార్థం మానేయండి.

ఇదే ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు. మధుమేహం ఉండి ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పాత మోతాదులోనే వాడుతుంటే అనుమానం ఇంకా ఎక్కువ. వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే ముందు గ్లూకోజ్ తీసుకోవాలి, తర్వాత కాస్త ప్రొటీన్. మోతాదు సంగతి ఆరోజే డాక్టర్‌తో మాట్లాడండి.

పాలు పడట్లేదు, లేదా విరేచనం కావట్లేదు

పాలతో ఉబ్బరం, విరేచనాలు అయితే పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగట్లేదేమో. కొన్నాళ్ళు పాలు ఆపి పెరుగుకు మారి చూడండి.

మలబద్ధకానికి తక్కువ తిండి, తక్కువ నీళ్ళు, ఐరన్ మాత్ర మూడూ కారణాలే. రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర నీళ్ళు చేరేలా చూడండి. చెక్కుతీసి మెత్తగా ఉడికించిన బీరకాయ, సొరకాయ తినండి. ఇసబ్‌గోల్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, అడక్కుండా వేసుకోవద్దు.

ఇంట్లో ఆగకూడని లక్షణాలు

జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, కూర్చుని ఉన్నా నాడి 120 దాటడం: కుట్ల దగ్గర లీకేజీ కావచ్చు. స్లీవ్‌లో ఇది కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. నల్లటి విరేచనం, రోజంతా మూత్రం సరిగా రాకపోవడం కూడా ఆలస్యం చేయదగ్గవి కావు.

వాంతులు రోజుల తరబడి సాగితే ఇంకో ప్రమాదం ఉంది. బి1 విటమిన్, అంటే థయమిన్, ఒంట్లో అడుగంటిపోతుంది. వస్తువులు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక పడటం దాని గుర్తులు. నీరసంగా ఉందనగానే దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించుకోవడం మన ఊళ్ళలో మామూలు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని ఎక్కువవుతుంది. నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళలో, కడుపులో పుండు తెచ్చిపెట్టగలదు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. ఏ ఊళ్ళో, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా సెలైన్ పెట్టకముందే ఫలానా ఆపరేషన్ అయిందని, ఇన్ని రోజులుగా వాంతులని, ముందు థయమిన్ ఇవ్వాలేమో చూడమని చెప్పండి.