కల కన్నవారిదే: పదిమందిలో కలను పరిశీలించే పద్ధతి

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని, పళ్ళు ఊడినట్లు కల వస్తే అయినవారికి కీడు జరుగుతుందని మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా వింటూ పెరిగాం. స్వప్నఫలాల పట్టిక ఒక్కో కలకు ఒక్కో జవాబు చెబుతుందే గాని, ఆ కల కన్నది ఎవరో, పడుకునే ముందు వారి మనసులో ఏముందో అడగదు. బృందంగా కలను పరిశీలించదలచినవారు మొదట ఆ పట్టికను పక్కన పెట్టాలి.

1962లో న్యూయార్క్‌లోని మైమోనిడీస్ వైద్యకేంద్రంలో స్వప్న పరిశోధనశాలను నెలకొల్పిన మానసిక వైద్యుడు మాంటేగ్ ఉల్మన్, వైద్యులు కానివారు కూడా సురక్షితంగా అనుసరించగల సామూహిక పద్ధతి ఒకదానిని 1970లలో రూపొందించారు. ఇక్కడ వివరిస్తున్నది ప్రధానంగా ఆ పద్ధతే.

ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉంటే చాలు. ఒక కలకు గంటన్నర దాకా పడుతుంది కనుక ఒక సమావేశానికి ఒకే కల తీసుకోవడం మంచిది. అత్తాకోడళ్ళను, అధికారిని, ఆయన కింద పనిచేసేవారిని ఒకే బృందంలో చేర్చకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎదుట పెద్దవారుంటే చిన్నవారి నోట కల సగమే బయటికి వస్తుంది. విన్నది గడప దాటకూడదన్న మాట అందరూ ఇవ్వాలి. జరిగిన ఘోరమే పదేపదే పీడకలగా వస్తున్నవారికి, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నవారికి ఇది తగిన చోటు కాదు. వారిని మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. ప్రభుత్వ టెలి మానస్ సహాయ సంఖ్య 14416 కూడా ఉంది.

కల చెప్పేవారు ఇటీవల వచ్చిన కలనే ఎంచుకుని, మెలకువ రాగానే రాసుకున్నది రాసుకున్నట్లు, తమ వ్యాఖ్యానమేదీ చేర్చకుండా వినిపించాలి. మిగిలినవారు కలలోని రంగులు, మనుషులు, కలలో కలిగిన భావాల గురించి స్పష్టత కోసం మాత్రమే ప్రశ్నలు వేయవచ్చు.

రెండో దశ ఈ పద్ధతికి ప్రాణం. ఇప్పుడు కల కన్నవారు మౌనంగా వింటూ కావలసినది రాసుకుంటారు. మిగిలినవారు వారి ముఖం చూడకుండా, తమలో తాము, ఆ కల తమకే వచ్చినట్లు మాట్లాడుకుంటారు. ఉదాహరణకు, సొంతూరి ఇంటికి తాళం వేసి ఉంది, చేతిలోని తాళంచెవి పట్టడం లేదు, లోపల మాత్రం రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది అనుకుందాం. “ఈ కల నాదైతే, నేను లేకుండానే ఇల్లు సాగిపోతున్నందుకు నాకు ఉక్రోషంగా ఉంది” అని ఒకరు, “ఈ కల నాదైతే, లోపల ఇంకా ఎవరో ఉన్నారని ధైర్యంగా ఉంది” అని మరొకరు అనవచ్చు. ముందు భావాలు, ఆ తరువాతే తాళం, రోలు వంటి వాటి సంకేతార్థాలు. “మీరు మీ అమ్మగారిని పట్టించుకోవడం లేదు” అన్న మాట మాత్రం రాకూడదు; అది నింద అవుతుంది. “నాదైతే” అన్నప్పుడు, చెప్పినదంతా చెప్పినవారి మనసుకు సంబంధించినదేనని వారే ఒప్పుకుంటున్నారు. కాబట్టి ఎవరైనా ఆ మాట మరచిపోతే నిర్వాహకులు వెంటనే, మెత్తగా గుర్తుచేయాలి.

మూడో దశలో కల మళ్ళీ సొంతదారు చేతికి వస్తుంది. వారు ఇష్టమైనంతే చెబుతారు. ఆ రాత్రి ఏ ఆలోచనతో నిద్రపోయారని అడిగితే, ఇల్లు అమ్మే విషయం అన్నగారితో ఫోనులో మాట్లాడిన సంగతి అప్పుడు గుర్తుకు రావచ్చు. తరువాత ఒకరు కలను ఒక్కో దృశ్యంగా తిరిగి చదివి వినిపించాలి. ఏ అర్థం సరైనదో కల కన్నవారి గుండెకే తెలుస్తుంది. బృందం తీర్పు చెప్పకూడదు, వారు చాలన్న చోట ఆగిపోవాలి.

ఆధ్యాత్మిక సాధన కోరేవారు ఆ తరువాత పది నిమిషాలు మౌనంగా కూర్చోవచ్చు. ప్రశ్నోపనిషత్తులో గార్గ్యుడు పిప్పలాదుణ్ణి అడిగినది కలల ఫలం గురించి కాదు, కలలను చూసే దేవుడెవరని. చూసినదీ చూడనిదీ, విన్నదీ విననిదీ మనసే కలలో అనుభవిస్తుందని ఆ ఋషి చెబుతాడు. దేవుడు కనిపించిన కలను గొప్పదిగా, బురద కనిపించిన కలను తక్కువదిగా ఎంచకుండా, రెండింటినీ చూసినది ఎవరన్న ఆ ప్రశ్నతోనే కూర్చోవాలి.

మరుసటి సమావేశాన్ని కొత్త కలతో మొదలుపెట్టకుండా, గతసారి కల చెప్పినవారికి ఈలోగా ఏమైనా తోచిందా అని అడగాలి. ఏమీ తోచలేదంటే, తరచి అడగకుండా ముందుకు సాగాలి.