పిల్లలకి "ఆఫ్‌రోడ్ పర్మిట్": ఏది నిజం కాగితం, దరఖాస్తు ఎలా

ఎండాకాలం సెలవులు మొదలైతే చాలు, మా నెట్ సెంటరుకి ఒకటే ప్రశ్న పట్టుకుని వస్తారు. "అబ్బయ్యా, మావాడు బెంగళూరు కాడ డర్ట్ పార్కులో, అదే మట్టి ట్రాకు మీద బండి తోలాలంటన్నాడు. దానికి ఆర్టీఓ ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలంట గదా, ఎంతవుద్ది?" మొన్న ఇట్లాగే కోవూరు నుంచి వచ్చినాయన చేతిలో లామినేషన్ చేసిన కార్డు ఒకటి ఉంది. పిల్లాడి ఫోటో, పైన పెద్దక్షరాలతో "ఆఫ్‌రోడ్ పర్మిట్", కింద ఊదారంగు రబ్బరు స్టాంపు. స్టాంపుని వెలుగుకి పెట్టి చూస్తే అందులో ఏ ఆఫీసు పేరూ లేదు, గుండ్రంగా గీత మాత్రం ఉంది. దానికి ఆయన ఇచ్చింది 2,500.

అలాంటి పర్మిట్ రవాణా శాఖ ఎవరికీ ఇవ్వదు. పిల్లల బండి విషయంలో నిజంగా ఉన్నవి రెండే కాగితాలు. పదహారు నిండినవాళ్ళకి రవాణా శాఖ ఇచ్చే ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్ళ లెర్నర్ లైసెన్సు ఒకటి. పార్కువాళ్ళు తమ గేటు దగ్గర తల్లిదండ్రులతో రాయించుకునే హామీ పత్రం రెండోది. మొదటిదాంతో రెండోదానికి సంబంధం లేదు. ఈ రెంటినీ కలిపేసి మూడో కాగితం పుట్టించి అమ్ముతున్నారు, అంతే.

మోటారు వాహనాల చట్టం 1988లో నాలుగో సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండకుండా బహిరంగ స్థలంలో మోటారు బండి తోలకూడదు. ఒక్క మినహాయింపు: ఇంజన్ 50 సీసీ దాటని బండిని పదహారు నిండినవాళ్ళు తోలొచ్చు, అదీ లైసెన్సు ఉంటేనే. పదహారు లోపు పిల్లలకి ఏ ఫీజు కట్టినా, ఎవరి రికమండేషన్ ఉన్నా రోడ్డు మీద దారి లేదు.

దరఖాస్తు సంగతి తొందరగా చెప్పేస్తాను, అందులో కష్టం లేదు. లైసెన్సుల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైటు సారథి పరివాహన్ పోర్టల్లో మన రాష్ట్రం ఎంచుకుని, లెర్నర్ లైసెన్సుకి ఫారం 2 నింపాలి. ఆరోగ్యం బాగుందని సొంతంగా ప్రకటించే ఫారం 1 దాంతోపాటే వస్తుంది. పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల మెమో, చిరునామాకి ఆధార్. కేంద్ర నిబంధనల్లో ఉన్న ఫీజు ఒక్కో క్లాసుకి 150, పరీక్షకి 50, పైన కొంచెం సర్వీసు చార్జీ. కంప్యూటర్ మీద 20 ప్రశ్నలు తెలుగులోనే అడుగుతారు, 12 సరైతే పాస్. తప్పితే మళ్ళీ 50 కట్టి రాసుకోవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక అసలు లైసెన్సు టెస్టుకి వెళ్ళొచ్చు. రెండొందల పైచిలుకుతో అయ్యే పని ఇది.

ఇప్పుడు జనం వెనక్కి తిరిగొచ్చే చోటుకి వద్దాం.

ఏడో సెక్షన్ ఏమంటుందంటే, పద్దెనిమిది లోపు వాళ్ళకి గేరు లేని బండికి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలంటే వాళ్ళ బాగోగులు చూసేవారి రాతపూర్వక సమ్మతి కావాలి. ఈ సమ్మతి కాగితం దగ్గరే సగం మంది ఆగిపోతారు. ముందుగా ఇంట్లో సంతకం పెట్టించి పిల్లాడి చేతికిచ్చి పంపేస్తారు. నాన్న సంతకం పిల్లాడే గిలికిన కేసులు కౌంటర్లో కూర్చున్నవాళ్ళు చాలానే చూసుంటారు. వాళ్ళకి అనుమానం రావడం తప్పేం కాదు. అందుకని తల్లో తండ్రో ఒకరు తమ ఒరిజినల్ ఆధార్‌తో వెంట వెళ్ళాలనే లెక్కతోనే బయల్దేరండి. ఒకరోజు కూలి పోతుందని చూసుకుంటే రెండు రోజులు పోతాయి.

తండ్రి కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉన్నాడు, ఏం చేయాలి? చట్టంలో తండ్రి అన్న మాటే లేదు. బాగోగులు చూసేవారు అని ఉంది. అమ్మ సంతకం సరిపోతుంది. వింజమూరు వైపు నుంచి ఒక తాత మనవడిని తీసుకొచ్చాడు. పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి రేషన్ కార్డు, తన ఆధార్, పిల్లాడి మెమో ఒక్కొక్కటీ బల్ల మీద పరిచాడు. అన్నీ ఉన్నాయి. కానీ అమ్మ ఇంటి దగ్గరే ఉంది, పొలం పని వదిలి రాలేదంతే. అమ్మ ఉండగా తాత ఎందుకు సంతకం పెడుతున్నాడని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. మర్నాడు అమ్మ వచ్చింది, పని అయిపోయింది. తల్లిదండ్రులు ఇద్దరూ దగ్గర లేకపోతేనే తాత, మేనమామ లాంటివాళ్ళు ముందుకు రావాలి. అప్పుడు పిల్లాడు వాళ్ళ దగ్గరే ఉంటున్నాడని చూపే రుజువు పట్టుకెళ్ళాలి. స్కూలు రికార్డులో సంరక్షకుడిగా వాళ్ళ పేరుంటే ఇంకా మేలు.

రెండో ఇరుకు ఆధార్. పిల్లాడి ఆధార్‌కి చిన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరే ఉంటుంది. ఆ సిమ్ నాన్నది, ఎప్పుడో పోయింది. ఓటీపీ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలీదు. దానికితోడు పదిహేనేళ్ళు నిండాక వేలిముద్రలు, కళ్ళు మళ్ళీ ఇచ్చి ఆధార్ తాజా చేయించాలన్న నియమం ఉంది. చాలామంది చేయించరు. ఐదేళ్ళప్పుడు తీసిన వేలిముద్ర పదహారేళ్ళ వేలికి కలవదు. ఇక ఇంటిపేరు గొడవ మనకి తెలిసిందే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం చివర తగిలించి ఉంటుంది. కంప్యూటరుకి ఇద్దరూ వేరే మనుషులు. మెమో తప్పయితే తప్ప దాన్ని ముట్టుకోవద్దు, మెమో ప్రకారం ఆధార్‌నే మార్పించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. నెట్ సెంటరులో తొందరపడి తప్పు స్పెల్లింగుతో ఒక అవకాశం కాల్చుకోవద్దు. (మా సెంటరుతో సహా చెప్తున్నా.) దరఖాస్తుకి నెల ముందు ఈ పని చూసుకుంటే మిగతాదంతా ఒక్క పూటలో అయిపోతుంది.

మూడోది క్లాసు ఎంచుకోవడం. ఫారంలో 50 సీసీ లోపు మోటార్‌సైకిల్ వేరు, గేరు లేని బండి వేరు, గేరున్న బండి వేరు. పదహారేళ్ళవాడికి వచ్చేది 50 సీసీ మాత్రమే. ఇక్కడ తల్లిదండ్రులు మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. "గేరు లేదు గదా" అని యాక్టివా ఇచ్చేస్తారు. అది 109 సీసీ పైనే. ఎక్సెల్ 100 పేరులోనే నూరుంది. ఇప్పుడు షోరూముల్లో 50 సీసీ పెట్రోలు బండి కోసం వెతికితే కాళ్ళు నొప్పులే. ఇంట్లో మూలన పాత టీవీఎస్ 50 ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. అసలు లైసెన్సు టెస్టుకి ఆ క్లాసు బండే తీసుకెళ్ళి తోలి చూపించాలి కాబట్టి, ఆ బండి ఎక్కడ దొరుకుతుందో ముందే ఆలోచించి దరఖాస్తు పెట్టండి. గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నంబరు ప్లేటు ఉన్న ఎలక్ట్రిక్ బండి మాత్రం దీని కిందికి రాదు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక బండికి ముందూ వెనకా తెల్ల చతురస్రం మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి, ఆ చతురస్రం 18 సెంటీమీటర్లకి తగ్గకూడదు. వెనక కూర్చోబెట్టుకునేది నేర్పేవాళ్ళనే, వాళ్ళకి లైసెన్సు ఉండాలి. ఫ్రెండుని కాదు.

ఆ సమ్మతి సంతకం పెట్టేముందు ఒకటి తెలుసుకోండి. 2019లో చట్టానికి 199ఏ సెక్షన్ చేర్చారు. మైనరు తప్పు చేస్తే సంరక్షకుడో బండి ఓనరో దోషి అవుతారు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చదివి భయపడి సంతకం మానుకోకండి. పిల్లాడు ఎల్‌ఎల్‌ఆర్‌లో రాసున్న క్లాసు బండే తోలుతుంటే ఆ సెక్షన్ మీ జోలికి రాదు. మీ సంతకం మిమ్మల్ని ఇరికించేది కాదు, కాపాడేది. అదే పిల్లాడు మీ 150 సీసీ ఎక్కాడంటే ఆ ఎల్‌ఎల్‌ఆర్ ఎందుకూ పనికిరాదు.

ఇక పార్కు. "ప్రైవేటు స్థలం, లోపల చట్టం వర్తించదు" అని ఏజెంట్లు గట్టిగా చెప్తారు. చట్టంలో బహిరంగ స్థలం అంటే జనానికి వెళ్ళే హక్కున్న ఏ చోటైనా. పెన్నా ఇసుకలో, మైపాడు తీరంలో, కొత్తపట్నం తీరంలో పిల్లలకి బండి నేర్పేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి, అవి మీ పెరడు కాదు. టికెట్ కొని వెళ్ళే చోటు సంగతి ఇంకొంచెం చిక్కు. జనం ఏ కారణంగా వచ్చినా, రాకపోకల మీద అదుపున్నా సరే అది బహిరంగ స్థలమే అని బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ ఒక బీమా కేసులో చెప్పింది. కాబట్టి గోడ కట్టినంత మాత్రాన చట్టం గేటు బయటే ఆగిపోతుందని నమ్మి, మీ రిజిస్టర్డ్ బండి పిల్లాడికి ఇవ్వొద్దు. పార్కువాళ్ళ దగ్గర పిల్లల కోసం చిన్న బండ్లు ఉంటే అవే అడగండి. పదేళ్ళవాడి కాలు నేలకి ఆనని బండిలో నేర్చుకునేది పడిపోవడమే.

బీమా కూడా చూసుకోవాలి. ఇంట్లో పాలసీ కాగితం తీసి "డ్రైవర్" అన్న పేరా చదవండి. చెల్లుబాటయ్యే లైసెన్సో ఎల్‌ఎల్‌ఆరో ఉన్నవాళ్ళు తోలితేనే వర్తిస్తుంది. కిందనే రేసింగు, స్పీడ్ టెస్టింగుకి వర్తించదని ఉంటుంది. ట్రాక్ మీద ఫోర్కు వంగినా, ట్యాంకు నొక్కుకుపోయినా ఆ ఖర్చు మీదే. పార్కు ఇచ్చే హామీ పత్రంలో దెబ్బ తగిలితే బాధ్యత మాది కాదన్న వాక్యం దాదాపు ఖాయం. అది లేని పార్కు వెతకడం కంటే, ఆ పార్కులో అంబులెన్సు ఉందా, దగ్గర్లో ఏ ఆసుపత్రి, నేర్పేవాళ్ళు పక్కనే ఉంటారా అని ఫోన్లో అడగడం మేలు. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నది, పిల్లాడి తల కొలతది. నాన్న హెల్మెట్ లోపల తువాలు పెట్టి బిగించడం పనికిరాదు. పోటీల్లో దిగాలంటే ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (దేశంలో మోటారు పోటీల క్లబ్బుల సమాఖ్య) ఇచ్చే పోటీ లైసెన్సు వేరే సంగతి, దానికీ రవాణా శాఖకీ సంబంధం లేదు.

పెద్దవాళ్ళు తోలడానికి సొంత బండి తీసుకెళ్తే, పార్కులోకి పంపేముందు అద్దాలు, నంబరు ప్లేటు విప్పమంటారు. పడ్డప్పుడు గుచ్చుకోకుండా. ఆ నట్లు ఒక కవర్లో పెట్టుకోండి. తిరిగి బిగించకుండా హైవే ఎక్కారంటే ఆ చలానా కూడా మీదే.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు ఇచ్చేసి ఉంటే, ముందు దరఖాస్తు నంబరు అడగండి. సారథిలో పెట్టిన ప్రతి దరఖాస్తుకీ ఒక నంబరు వస్తుంది. దాంతో, పుట్టిన తేదీతో స్టేటస్ మీరే ఫోన్లో చూసుకోవచ్చు. నంబరు చెప్పకుండా "సార్ చూసుకుంటున్నాడు" అంటే దరఖాస్తే పెట్టలేదని లెక్క. కోవూరాయన మా సెంటరు నుంచే ఫోన్ చేసి అదే అడిగాడు. అవతలివాడు అరగంటలో పంపుతానన్నాడు. రెండు టీలు తాగాం, రాలేదు. సోమవారం అమ్మనీ అబ్బాయినీ వెంటబెట్టుకుని రమ్మన్నాను, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చాక.